గొంగడి మీద పద్నాలుగు

నిన్న సాయంత్రం కోదాడలో ఎలక్ట్రికల్ షాపతను కొత్త పానాల కట్ట విప్పి కౌంటరు మీద పరిచాడు. నూనె కాగితం వాసన గుప్పుమంది. అందులోంచి పది-పదకొండు సైజు పానా చేతిలోకి తీసుకున్నాను. చల్లగా, కాస్త జిడ్డుగా ఉంది. ఇన్నేళ్లయినా ఆ సైజు పానా చేతిలో పడితే అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోతాను. "ఏంటి మేడం, నచ్చలేదా? వేరే కంపెనీది చూపించమంటారా?" అన్నాడతను. నచ్చకేం, భేషుగ్గా ఉంది. నాకు పని నేర్పిన బీరయ్య కాక గుర్తొచ్చాడని అతనికి ఏమని చెప్తాను, వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉంటే? మీకైతే చెప్పొచ్చు. తీరిగ్గానే కూర్చున్నాను.

నేను మఠంపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పనులూ ఆటోమేషన్ పనులూ చూసే విభాగంలో ఉన్నాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మీట నొక్కితే ఎక్కడో అరకిలోమీటరు అవతల బెల్టు తిరుగుతుంది, ఆగమంటే ఆగుతుంది. చూసేవాళ్లకు అదేదో పెద్ద విద్యలా కనబడుతుంది. నిజం చెప్పొద్దూ, నా విద్య అంతా మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు ప్యానెల్ గదిలో, చిరుగుల గొంగడి ముక్క పక్కన చతికిలబడి నేర్చుకున్నదే. నేర్పిన బీరయ్య కాక పదో తరగతి గడప కూడా తొక్కలేదు.

మాది చివ్వెంల దగ్గర పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయి నన్ను సూర్యాపేటలో డిప్లొమా చదివించారు. ఆ సర్టిఫికెట్టు నలిగిపోతుందని అమ్మ బైబిల్లో పెట్టి దాచింది. దాన్ని పట్టుకుని మిల్లుకు వెళ్తే సేటు నన్ను ఎగాదిగా చూశాడు. పేరడిగితే ఎస్తేరు అని చెప్పాను. ఆడపిల్లకు ప్యానెల్ గదిలో పనేంటి, ఆఫీసులో కంప్యూటర్ దగ్గర కూర్చోమన్నాడు. నాకు నోరెక్కువ. కంప్యూటర్ దగ్గర కూర్చోవడానికైతే మూడేళ్లు మోటార్లు ఎందుకు విప్పానండీ అనేశాను. గుమ్మంలో నిలబడ్డ ఒక పెద్దమనిషి నవ్వాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, కళ్లద్దాలకు ఒకవైపు దారం కట్టి ఉంది. నా హ్యాండ్‌బ్యాగులో ఏమేం సామాన్లున్నాయని అడిగాడు. టేబుల్ మీద బోర్లించి చూపించాను. మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు, సూర్యాపేటలో కొనుక్కున్న కొత్త పానాలు, దువ్వెన, టిఫిన్ డబ్బా. అన్నీ చూసి, మళ్లీ బ్యాగులో వేయించి, అప్పుడు అడిగాడు.

"ఎన్నున్నయి బిడ్డా?"

నాకు తెలియదు. ఎవరైనా తమ బ్యాగులో ఎన్ని వస్తువులున్నాయో లెక్కపెట్టుకుంటారా? ఆయన సేటు వైపు తిరిగి, పిల్లకు నోరున్నది, చెయ్యి గూడ ఉన్నది, లెక్కనే లేదు, అది నేను నేర్పుత అన్నాడు. సేటు సరే అనక తప్పలేదు. ఎందుకంటే ఆ మిల్లులో బాయిలర్ మొదలుకొని పాలిషర్ దాకా ఏది ఆగినా బీరయ్యే దిక్కు. అట్లా ఆయన మాట మీద నేను లోపలికి వచ్చాను. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగినదానికి ఇదే మొదలు.

కాకది తిరుమలగిరి వైపు. గొర్లు కాసే కుటుంబం. ఆ మెరక నేలలో బోర్లు ఎండి, మోటార్లు ఊరికూరికే కాలిపోతుంటే, వాటిని విప్పి చుట్టడం ఎవరి దగ్గరో నేర్చుకుని, అట్లా అట్లా మిల్లులోకి వచ్చాడట. ఇంట్లోంచి తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, నల్ల గొంగడి ముక్క. మూరెడు వెడల్పు, రెండు మూరల పొడుగు. ప్యానెల్ తలుపు తెరిచేముందు దాన్ని కింద పరిచేవాడు. సామాన్లన్నీ దాని మీదే ఉండాలి. చేతిలో ఉండాలి, లేదంటే గొంగడి మీద ఉండాలి. జేబులో, నోట్లో, ప్యానెల్ అంచుమీద పెట్టకూడదు. మొత్తం పద్నాలుగు. కటింగ్ ప్లేయరు, దాని పిడికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి ఉండేది. ముక్కు ప్లేయరు. స్క్రూడ్రైవర్లు మూడు. టెస్టర్. పానాలు మూడు. వైరు తోలు గీకే చాకు. కరెంటు ఎంత పారుతుందో వైరును పట్టి చూసే క్లాంప్ మీటరు. దుమ్ము దులిపే బ్రష్షు, టార్చి, ఆ తర్వాత ఆయనకు ప్రాణమైన సిరీస్ బల్బు. రెండు వైర్లు, ఒక హోల్డరు, ఒక బల్బు, అంతే. నా మల్టీమీటర్ ఎంత అంకె చూపించినా, బల్బుతో ఒకసారి ముట్టించి చూసుకుంటే గానీ నమ్మేవాడు కాదు. మీటరు అబద్ధమాడుతుందా కాకా అంటే, ఆడదు గానీ బ్యాటరీ అయిపోతే దానికి నోరు రాదు గద అనేవాడు.

పని అయ్యాక ఒక తంతు ఉండేది. కాక వెళ్లి మెయిన్ స్విచ్ హ్యాండిల్ మీద చెయ్యి వేసి నిలబడేవాడు. నేను గొంగడి ముందు కూర్చుని ఒక్కొక్కటే ముట్టుకుని, పైకి లెక్కపెడుతూ బ్యాగులో వేయాలి. వడ్లు కొలిచేవాళ్లలాగా మొదటిదాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు... పద్నాలుగు అని నా నోటి నుంచి వినబడితేనే హ్యాండిల్ లేచేది, మిల్లుకు కరెంటు వచ్చేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. డిప్లొమా చదివినదాన్ని, ఇదేం చాదస్తం అనుకునేదాన్ని. ఆయన చేతివైపు చూస్తూ పాఠం అప్పజెప్పినట్టు గడగడా చదివేసేదాన్ని.

చేరిన రెండో నెలలో అనుకుంటాను, అమావాస్య నాడు మిల్లు బందు పెట్టి ప్యానెళ్లన్నీ దులిపాం. లెక్కపెడితే పదమూడే వచ్చాయి. టెస్టర్ లేదు. ప్యానెల్ లోపల చూశాం, కింద చూశాం, నేల ఊడ్చాం. గంట దాటింది. సేటు ఫోన్ మీద ఫోన్. కాక హ్యాండిల్ మీద చెయ్యి అట్లాగే పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. మిల్లులో ఉన్న హమాలీలంతా వచ్చి గుమ్మంలో మూగారు. చివరికి మిల్లు ఊడ్చే ఒకామె, ఓ పిల్లా, నీ కొప్పుల మెరుస్తున్నదేంది అంది. చెయ్యి పెట్టి చూసుకుంటే టెస్టర్! వెంట్రుకలు జారుతున్నాయని నేనే కొప్పులో గుచ్చుకుని మర్చిపోయాను. ఇంకేముంది, గదంతా ఒకటే నవ్వు. నాకు తల తీసేసినట్టయింది. ఆ తర్వాత నెలరోజులు నేను కనబడితే చాలు, కొప్పు తడుముకుని చూపించేవాళ్లు.

కాక ఒక్కడే నవ్వలేదు. దొరికింది గద, ఇగ మొదటికెల్లి లెక్కపెట్టు అన్నాడు. పెట్టాను. మధ్యాహ్నం సద్ది తింటున్నప్పుడు, టెస్టర్ ప్యానెల్లో లేదని తెలిసిపోయాక హ్యాండిల్ లేపొచ్చు కదా కాకా, అందరి ముందూ నా పరువు తీశావు అని దెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"లేదని ఎట్ల తెల్సింది? కనబడలేదు, అంతే. మా నాయిన గొర్లను దొడ్లకు తోలేటప్పుడు ఒక్కొక్కదాని ఈపు మీద చెయ్యేసి లెక్కపెడ్తుండె. ఒకటి తక్కువైతే తడిక కట్టకపోతుండె. తక్కువైన గొర్రె ఏడనో ఒకాడ ఉంటది బిడ్డా. మనకు కనబడనంత మాత్రాన లేనట్టు గాదు."

విన్నాను. తల ఊపాను. కానీ నాలో దిగింది ఆ మాట కాదు, గుమ్మంలో నిలబడి నవ్విన నవ్వులు. ఇంకోసారి లెక్క తక్కువ రాకూడదు, వచ్చినా ఎవరికీ తెలియకూడదు అని గట్టిగా అనుకున్నాను. తప్పంతా అక్కడే మొదలైంది.

ఆ రోజు రానే వచ్చింది. తొట్లలో వడ్లు వేడినీళ్లలో నానుతున్నాయి. ఉప్పుడు బియ్యానికి అట్లా నానబెట్టి ఉడికిస్తారు. వేళకు తీయకపోతే పులిసిన వాసన పట్టి, గింజ రంగు మారుతుంది. సరిగ్గా అప్పుడే మెయిన్ ప్యానెల్లో ఒకచోట వేడెక్కి వాసన వచ్చింది. కరెంటు పారే పెద్ద రాగి పట్టీలు మూడు ఉంటాయి, బెత్తెడు కూడా ఎడం ఉండదు. వాటి బోల్టులు వదులైతే అట్లా వేడెక్కుతాయి. అంతా ఆపేసి, కాక వెనకవైపు, నేను స్టూలెక్కి ముందువైపు బిగించాం. గొంగడి కింద ఉంది. ప్రతి బోల్టుకూ దిగి ఎక్కలేక, ఒకసారి పానాను పైన ఇనుప అంచుమీద పెట్టాను. ఒక్కసారే. దిగాక దాని సంగతి మర్చిపోయాను.

సాయంత్రం ఐదు దాటింది. ఐదున్నరకు సూర్యాపేట బస్సు. అది పోతే అక్కడ మా ఊరి బస్సు అందదు. సేటు గుమ్మంలో నిలబడి వడ్లు, వడ్లు అంటున్నాడు. కాక హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. నేను మొదలుపెట్టాను. లాభం, రెండు, మూడు. పన్నెండుకు వచ్చేసరికి గొంగడి మీద ఒక్కటే మిగిలింది. పది-పదకొండు పానా లేదు. టార్చి తీసి ప్యానెల్లోకి ఒకసారి వేసి చూశాను. కనబడలేదు. స్టూలెక్కి చూస్తే కనబడేది. ఎక్కలేదు. సేటు వెనకాల నలుగురు హమాలీలు తొంగిచూస్తున్నారు, అందులో ఒకడి చెయ్యి అప్పుడే లేని కొప్పు దగ్గరికి పోతోంది. నా పక్కన నా హ్యాండ్‌బ్యాగు ఉంది. అందులో నా సొంత పది-పదకొండు పానా ఉంది. పదమూడు అంటూ ఒక చేత్తో ఆఖరి వస్తువు బ్యాగులో వేశాను, రెండో చేత్తో నాది తీసి వేసి, పద్నాలుగు అన్నాను. గొంతు కూడా వణకలేదు. హ్యాండిల్ లేచింది. మిల్లు గుర్రుమని మొదలైంది. పానా ఎక్కడో కింద పడి ఉంటుంది, పొద్దున్నే వచ్చి వెతికి నాది నేను తీసుకుందాం అనుకుంటూ బస్సుకు పరుగెత్తాను.

పొద్దున మొదటి బస్సుకే వచ్చాను. నాకంటే ముందే కాక ప్యానెల్ గదిలో ఉన్నాడు. పాలిషర్ మోటారు ఒక్కటే ఆగిపోయిందట, మిగతా మిల్లు నడుస్తూనే ఉంది. పరచమని గొంగడి మడతా బ్యాగూ నా చేతికిచ్చి, మెయిన్ ప్యానెల్ తలుపు పట్టుకున్నాడు. బిగుసుకుపోయి ఉంటే గట్టిగా గుంజాడు. ఆ అదురుకు పైన అంచుమీది పానా జారి రాగి పట్టీల మధ్య పడింది. తెల్లటి వెలుగు, చెవులు పగిలే చప్పుడు. కళ్లు తెరిచేసరికి కాక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కుడిచేతి చొక్కా మండుతోంది. చేతిలో గొంగడి ఉంది కాబట్టి దాన్నే ఆ చేతికి చుట్టేసి పట్టుకున్నాను. ఉన్ని కాబట్టి అంటుకోలేదు, మంట ఆరింది. కళ్లద్దాలు ఉండబట్టి కళ్లు దక్కాయి. చెయ్యి మాత్రం మోచేతి దాకా కాలింది.

దవాఖానలో సేటు సగం కరిగిన పానా పట్టుకుని వచ్చాడు. నిన్న ఎవరు లెక్కపెట్టిన్రు అని గట్టిగా అడిగాడు, నావైపే చూస్తూ. నేను నోరు తెరిచే లోపలే మంచం మీంచి కాక మాట్లాడాడు.

"నేనే సేటు. ఆత్రంల పదమూడుకే పిల్లతోని పద్నాలుగనిపిచ్చిన. నా లెక్కనే తప్పింది."

సేటు నమ్మాడు. పద్నాలుగు అన్నది నా గొంతేనని గుమ్మంలో నిలబడి విన్న మనిషే. అయినా ఆ మిల్లులో లెక్కంటే బీరయ్య లెక్కే, నేను ఆయన చెప్పింది పలికే ఉత్త చిలకను. ఇన్నేండ్ల అనుభవం ఏ గంగల కలిపినవ్ బీరయ్యా, నీ లెక్కను నమ్ముకుంటే నా మిల్లు తగలబడిపోవునని ఇంకా ఏవేవో అన్నాడు. సేటు వెళ్లాక, తన బ్యాగు తెమ్మని నన్ను పంపించాడు. తెచ్చి మంచం మీద పెట్టాను. ఎడమచెయ్యి లోపల పెట్టి, ఒక్కొక్కటే తడుముతూ పెదాలు కదిపాడు. ఆగి నావైపు చూశాడు.

"బ్యాగుల పద్నాలుగున్నయి. సేటు చేతిల కాలింది ఒకటున్నది. పదిహేనోది ఏడికెల్లి వచ్చింది బిడ్డా?"

కాళ్లు పట్టుకుని ఏడ్చాను. నాదే కాకా, నా పానా కలిపి లెక్క సరిచేసిన అన్నాను. ఆయన ఊరుకోమనలేదు. ఫర్వాలేదని కూడా అనలేదు. తర్వాత, చెయ్యి కాలినందుకు గాదు, నీ మాట మీద హ్యాండిల్ లేపిన గద అన్నాడు మెల్లగా. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడే పోయి సేటుకు చెప్పి పని మానేస్తానన్నాను. అప్పుడు మాత్రం కోపం వచ్చింది ఆయనకు.

"ఇప్పుడు చెప్తే నిన్ను ఎల్లగొడ్తడు. నీ ఎనక ఇంకో ఆడపిల్లను ఆ గేటు లోపటికి రానియ్యడు. నువ్వు పోతే నా చెయ్యి ఉత్తగ కాలినట్టు. పని నేర్చుకో. నువ్వు లేకుంటే మిల్లు నడవదు అనేదాంక నేర్చుకో. అటెన్క నీ నోటితోని నువ్వే చెప్పు. ఎప్పుడు చెప్పాల్నో అప్పుడు నీకే ఎర్కైతది."

అందరూ నీ లెక్కే తప్పిందంటారు కదా కాకా అన్నాను. "అననీ. జర మోస్త. ఎల్లకాలం గాదు గద" అన్నాడు.

పుండు మానింది గానీ వేళ్లు ముడుచుకుపోయాయి. ప్లేయరు పట్టు దొరకలేదు. ఆరు నెలలకు కాక బ్యాగునూ, ఒక అంచు కమిలిన గొంగడినీ నాకు అప్పజెప్పి తిరుమలగిరి వెళ్లిపోయాడు. గొర్లను తోలడానికి ఎడమచెయ్యి చాలు అన్నాడు. నేను మిగిలాను. రెండేళ్లు ఆ గదిలో నేను చేసిన పని నాకే తెలుసు. ప్రతి ప్యానెల్ విప్పాను, ప్రతి వైరుకూ నెంబరు తొడిగాను, వర్షంలో బాయిలర్ దగ్గర తడిశాను. లెక్క ఒక్కరోజు తప్పలేదు. అవతల హ్యాండిల్ పట్టుకునేవాళ్లు లేకపోతే నేనే పట్టుకుని, గొంగడి వైపు చూస్తూ లెక్కపెట్టుకునేదాన్ని. కానీ ఏ హమాలీ నోట విన్నా అదే మాట, బీరయ్యంతటోడే లెక్క తప్పిండు. పేరున్న మనిషి. నలభై ఏళ్లకు దగ్గరపడ్డ పనిలో ఒక్క మరక లేని మనిషి. ఆ మాట విన్నప్పుడల్లా నాలుక చివరిదాకా నిజం వచ్చేది. ఇంకా పని రాలేదులే, ఇంకా కొన్నాళ్లు అని మింగేదాన్ని. కాక చెప్పాడని ఆగానో, భయపడి ఆగానో, ఏమో, రెండూ ఉన్నాయి.

తర్వాత సేటు పాత ప్యానెళ్లు తీయించి కొత్తవి పెట్టించాడు. స్క్రీను మీద వేలు పెడితే మోటార్లన్నీ ఒకదాని వెనక ఒకటి వాటంతటవే మొదలవుతాయి. కంపెనీవాళ్లు వచ్చి బిగించి వెళ్లారు. వాళ్లు వెళ్లిన వారానికి ఏదో సెన్సారు దగ్గర మొరాయిస్తే, మూడు రోజులు కూర్చుని దాన్ని దారికి తెచ్చింది నేను. ఆ రోజు సేటు స్వీట్లు తెప్పించాడు. హమాలీలు, డ్రైవర్లు, ఆఫీసువాళ్లు అందరూ ప్యానెల్ గది ముందు చేరారు. సేటు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, బీరయ్య ఉన్ననాడు లెక్క తప్పి మిల్లు తగలబడబోయింది, ఎస్తేరు చేతికి వచ్చినంక ఒక్క స్క్రూ గూడ తప్పిపోలేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎప్పుడు చెప్పాలో నీకే తెలుస్తుందని కాక అన్నాడు కదా. తెలిసింది.

"బీరయ్య కాక లెక్క తప్పలేదు సేటు. ఆనాటి లెక్క నాదే. ఒకటి తక్కువైతే నా పానా కలిపి పద్నాలుగన్న. నన్ను కాపాడనీకి ఆయన మీదేసుకున్నడు."

చప్పట్లు ఆగిపోయాయి. సేటు స్వీటు డబ్బా బల్ల మీద పెట్టాడు. బీరయ్యను ఎంతెంత మాటలన్ననో నీకు ఎర్కేనా అని మాత్రం అడిగాడు. ఎర్కే, అన్నీ విన్న అన్నాను. ఆయన వెనక్కి చూడకుండా ఆఫీసులోకి వెళ్లిపోయాడు. పది రోజులు నాతో మాట్లాడలేదు. పొమ్మనలేదు, ఉండమనలేదు. నేను మామూలుగా వస్తూ, పని చేసుకుంటూ, పోతూ ఉన్నాను. ఒక సంగతి చెప్పాలి, ఆ పది రోజులూ నాకు అన్నం రుచిగా ఉంది. పదకొండో రోజు పిలిచి, అమావాస్యకు తిరుమలగిరి పోతున్నవా అని అడిగాడు. పోతున్నానన్నాను. బీరయ్యతోని నేను తప్పు మాట్లాడిన్నని చెప్పు, పండుగకు నేనే వస్త అన్నాడు.

నేను వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. కాక దొడ్డి తడిక పక్కన, పెద్ద గొంగడి నిండా కప్పుకుని బండమీద కూర్చుని ఉన్నాడు. గొర్లు ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి. పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ఆగలేక, కాకా చెప్పిన అన్నాను. ఎవరి ముంగట అన్నాడు, గొర్ల మీంచి చూపు తిప్పకుండా. అందరి ముంగట, హమాలీలందరూ ఉన్నరు అన్నాను. సేటు మాట కూడా చెప్పాను. ఊఁ అన్నాడు. కళ్లద్దాలు తీసి గొంగడి అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, నీ మాటల పడి లెక్క మర్శిపోయిన, లోపటికి పోయి నువ్వే పెట్టు, నలభై రెండు ఉండాలె అన్నాడు.

గొర్లను లెక్కపెట్టడం పానాలను లెక్కపెట్టినంత తేలిక కాదు, అవి ఒకచోట నిలబడవు. ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేస్తూ, ఈ మూల నుంచి ఆ మూలకు నెడుతూ, లాభం, రెండు అని మొదలుపెట్టాను. నలభై ఒకటి వచ్చాయి. మళ్లీ పెట్టాను. నలభై ఒకటే. చీర కుచ్చిళ్లకు పెంట అంటింది. రోడ్డు మీద సూర్యాపేట బస్సు హారన్ వినబడింది. దొడ్డి బయటికి వచ్చి కాక ముందు నిలబడ్డాను.

"ఒకటి తక్కువున్నది కాకా."

"మంచిగ చూసినవా? బస్సు పోతది మల్ల."

"పోనీ. నలభై ఒకటే ఉన్నయి. తడిక కట్టను."

కాక ఎడమచేత్తో గొంగడి తెరిచాడు. ఒడిలో ఒక గొర్రెపిల్ల, కళ్లు మూసుకుని వెచ్చగా పడుకుని ఉంది. నన్ను పరీక్షించడానికే దాని సంగతి దాచాడు ముసలాయన. నవ్వాడు. దవాఖాన తర్వాత ఆయన అంత నవ్వు నవ్వడం నేను చూడలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ పిల్లను దింపి, నలభై రెండు అని నేనంటే, ఆయన వంకరపోయిన కుడిచేత్తో తడిక లాగాడు, నేను తాడు కట్టాను.

కాక పోయి రెండు వానాకాలాలైంది. అంచు కమిలిన గొంగడి ముక్క ఇప్పుడు నా దగ్గరే ఉంది. మా ఫ్యాక్టరీలో సామాన్ల లెక్కకు బోర్డులున్నాయి, కాగితాలున్నాయి, ఫోన్లో టిక్కులు పెట్టే పద్ధతి ఉంది. అన్నీ పెడతాను. పెట్టాక గొంగడి పరిచి, లాభం అని మొదలుపెట్టి పైకి లెక్కపెడతాను. కొత్త ఇంజనీర్లు మొదట్లో నవ్వుతారు. నవ్వనీ. ఎవరైనా నవ్వితే సిగ్గుపడటం నేను ఎప్పుడో మానేశాను.

రేపు మా విభాగంలో ఇద్దరు కొత్త అమ్మాయిలు చేరుతున్నారు. నిన్న కోదాడకు వెళ్లింది వాళ్ల కోసమే. షాపతను చెరొక సెట్టు చొప్పున రెండు బ్యాగులు కట్టి, పద్నాలుగేసి కరెక్టుగా ఉన్నాయి మేడం, చూసుకోండి అన్నాడు. చూసుకున్నాను. తర్వాత రెండు బ్యాగుల్లోంచీ ఒక్కో పది-పదకొండు పానా తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. "అదేంటండీ, అవి సెట్టులోవే కదా, తక్కువైపోతాయి" అన్నాడతను. తెలుసన్నాను.

రేపు పొద్దున గొంగడి పరిచి, ఇందులో పద్నాలుగు ఉన్నాయి, పైకి లెక్కపెట్టండి అని చెప్పి, వెళ్లి హ్యాండిల్ మీద చెయ్యి వేసి నిలబడతాను. వెనకాల జనం ఉంటారు, పని తొందర ఉంటుంది, వాళ్లకు బెరుకుగా ఉంటుంది. ఒకటి తక్కువుంది మేడం అని వాళ్ల నోటి నుంచి వినబడేదాకా, ఎంతసేపైనా సరే, హ్యాండిల్ లేపను.